డిక్కీ పోయింది

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్‌నని చెబుతాను. మా ఆవిడ మాత్రం "బళ్ళకి చావు కబురు రాసే పని" అంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అటు పార్వతీపురం, ఇటు అరకు దాకా గుద్దుకున్న బండి ఏదైనా సరే, బాగుచేయించుకోవచ్చో, తుక్కుకిచ్చెయ్యాలో తేల్చి రాసేది విజయనగరం రామారావే. అంటే నేను. లెక్క చాలా తేలిక. బాగుచేయడానికయ్యే ఖర్చు బండి బీమా విలువలో ముప్పాతిక దాటిందంటే ఇక దాని మీద ఖర్చు పెట్టడం దండగ. కాగితం మీద 'టోటల్ లాస్' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, టీ తాగి వచ్చేస్తాను. యజమానులు ఏడుస్తారు, తిడతారు. ఒకాయన నా స్కూటర్ రెండు చక్రాలకీ గాలి తీసేశాడు. నేను పట్టించుకోను. ఇనుము మీద ప్రేమేమిటి అనేది నా మతం.

ఆ మతం ఒక శుక్రవారం మధ్యాహ్నం అరకులో ఎలా చెడిందో చెబుతాను.

నా చేతికొచ్చిన ఫైలు ఒక మారుతి 800ది. తెల్లది, 2003లో కొన్నది. యజమాని సంతోషమ్మ, వయసు అరవై ఎనిమిది, రిటైరైన నర్సు. ఇరవై రెండేళ్ళ బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఇచ్చిన మహానుభావుడెవరా అని ముందు ఆశ్చర్యపోయాను. తర్వాత పాత కాగితాలు తిరగేస్తే తెలిసింది. పిల్లలకు టీకాలు వేయించినట్టు ఆవిడ ఏటా అదే తేదీకి, ఒక్క రోజు తప్పకుండా వచ్చి ప్రీమియం కట్టింది. అలాంటి మనిషికి లేదని చెప్పే ధైర్యం మా బ్రాంచిలో ఎవరికీ ఉండి ఉండదు.

బండిని వెనక నుంచి గుద్దింది ఎవరయ్యా అంటే, ఆవిడ చర్చి పాస్టరు ప్రేమ్‌కుమార్ గారు. ఇద్దరూ ఎస్.కోటలో ఏదో ప్రార్థన కూడికకు వెళ్ళి, ముందు ఆవిడ మారుతి, వెనక ఆయన బొలేరో, ఘాట్ రోడ్డెక్కి వస్తున్నారు. టైడా దాటాక ఒక మలుపులో రోడ్డుకు అడ్డంగా కోడి పరుగెత్తింది. సంతోషమ్మ బ్రేకు తొక్కింది. వెనక బొలేరోలో భక్తిపాట వస్తోంది, పాస్టరు గారి చేతులు రెండూ స్తోత్రంలో పైకి లేచి ఉన్నాయి. కోడికేమీ కాలేదు. బొలేరో బంపరుకు కాస్త గీత పడింది. మారుతి వెనక భాగం మాత్రం లోపలికి మడిచిపెట్టినట్టు వెళ్ళిపోయింది. సాక్షిగా ఆయన్నే వాంగ్మూలం రాసిమ్మంటే, 'ప్రమాదానికి కారణం' అన్న గడిలో 'దేవుని చిత్తం' అని రాసి పంపారు. ఆ గడిలో ఆ పేరు రాస్తే నేను ఎవరిని పిలిచి విచారించాలి?

నిజం ఒప్పుకుంటాను. ఫొటోలూ, విశాఖ షోరూమువాళ్ళు వేసిన ఎస్టిమేటూ చూసి, ఘాట్ ఎక్కకముందే నా మనసులో టోటల్ లాస్ రాసేసుకున్నాను. కొత్త డిక్కీ తలుపు, కొత్త ప్యానెలు, కొత్త బంపరు, రంగు... అన్నీ కలిపితే ముప్పాతిక కాదు, బండి విలువకే రెండింతలయ్యాయి. ఇక చూడ్డానికేముంది? రూలు ప్రకారం వెళ్ళి చూడాలి కాబట్టి వెళ్ళాను.

బండి అరకులో సంత పక్కన బుధు షెడ్డులో ఉంది. బుధు అక్కడ నలిగిన రేకులు సరిచేసే డెంటింగు పని చేస్తాడు. బుధవారం పుట్టాడు కాబట్టి బుధు. ఆ కొండల్లో చాలామందికి పేర్లు అలాగే వస్తాయి. పుట్టిన వారమో, పుట్టిన చోటో, పుట్టిన పూట ఇంట్లో జరిగిన సంగతో, ఏదో ఒకటి పేరైపోతుంది. ఈ ఆచారం నాకప్పటికి తెలిసి ఉంటే ఇంత రభస జరిగేది కాదు.

సంతోషమ్మ నాకోసమే షెడ్డు దగ్గర ఎదురుచూస్తోంది. పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచీర, చేతిలో నల్ల బ్యాగు. నన్ను చూడగానే కూర్చోమనలేదు, నా కళ్ళకింద రెప్ప లాగి చూసింది.

"రగతం తక్కువుంది నీకు. సుగరు కూడా ఉన్నట్టుంది. పొద్దున ఏటి తిన్నావు బాబూ?"

"మూడు పూరీలమ్మా."

"అదే సెప్తన్నాను. బండి తరవాత సూద్దువు, ముందు మంచినీళ్ళు తాగు."

గుమ్మలక్ష్మీపురంలో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, ముప్పై ఐదేళ్ళు ఈ కొండల్లో కాన్పులు చేసిన మనిషి ఆవిడ. ఊళ్ళన్నిటికీ సిస్టరమ్మ. ఆసుపత్రి జీపు ఎప్పుడు అడిగినా రిపేర్లోనే ఉండేది కాబట్టి, విసుగెత్తి నలభై ఆరేళ్ళ వయసులో సొంతంగా ఈ కారు కొంది. భర్త యోనా గారు డ్రైవింగు నేర్చుకున్నారు గానీ ఘాట్ రోడ్డు చూస్తే ఆయనకు కళ్ళు తిరిగేవి. అందుకని ఆవిడే నడిపేది. ఆయన పక్క సీట్లో ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద వేసి, కళ్ళు మూసుకుని కీర్తనలు పాడేవారు. ఇన్నేళ్ళలో ఆవిడ మూడో గేరు దాటలేదు. నాలుగోది ఎందుకు వాడరమ్మా అంటే, "ఎక్కడికి పోవాలి అంత బేగి?" అంది. యోనా గారు పోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ హ్యాండ్‌బ్రేకు వెయ్యబోతే అక్కడ ఇంకో చెయ్యి ఉన్నట్టే ఉంటుందని చెప్పి, చప్పున మాట మార్చేసింది.

ఇక్కడ మీకొక సంగతి ముందే చెప్పాలి. నాకు అది రెండు గంటలు ఆలస్యంగా తెలిసింది, మీకు ఆ కష్టం వద్దు. 2004లో పనసగుడ అనే కొండమీది పల్లె నుంచి చిట్టెమ్మ అనే ఆవిణ్ణి కాన్పుకి దింపుతుంటే దారిలోనే నొప్పులు ఎక్కువైపోయాయి. సంతోషమ్మ కారాపి, వెనక సీటు మడిచి, చిట్టెమ్మను పడుకోబెట్టి, డిక్కీ తలుపు పైకెత్తి, వానలో రోడ్డు మీద నిలబడి కాన్పు చేసింది. ఆడపిల్ల. పక్కనున్న ముసలమ్మ "ఈ తలుపు పేరేటి సిస్టరమ్మా?" అని అడిగింది. "డిక్కీ" అంది ఈవిడ. అంతే, పిల్లకి పేరు కుదిరిపోయింది. బడి రిజిస్టరులో డిక్కీ, రేషన్‌కార్డులో డిక్కీ, ఆధార్‌లో పాంగి డిక్కీ. ఇప్పుడా పిల్లకి ఇరవై ఒక్క ఏళ్ళు, పెళ్ళయింది, కాన్పుకి పుట్టింటికొచ్చింది, తొమ్మిదో నెల. పనసగుడకి అంబులెన్సు రాదు, మూడు కిలోమీటర్ల కిందే ఆగిపోతుంది. ఆ సన్న దారిలో ఎక్కగలిగేది ఈ చిన్న కారొక్కటే. పది రోజుల్లో, నొప్పులతో నడవలేని ఆ పిల్లని దింపుకు రావాలి. సంతోషమ్మ కంగారంతా అదే.

నాతో మాత్రం ఇవేవీ చెప్పలేదు. "బాగవుద్దా, అవదా?" అని ఒక్క మాట అడిగింది.

"కష్టమమ్మా" అన్నాను.

"ఏటి కష్టం? ఇంజిను బాగుంది. బుధు నిన్న తిప్పి సూసాడు."

"ఇంజిన్ సంగతి కాదండీ. ఖర్చు బండి విలువని మించిపోతోంది. టోటల్ అన్నమాట."

"టోటలెంతొచ్చింది?"

"టోటల్ అంటే కూడిక కాదమ్మా. టోటల్‌గా పోయిందని."

ఆవిడ నన్ను కాసేపు పైనుంచి కిందికి చూసింది. తర్వాత "నువ్వు బాగా సూడు. నాను సంతలోకెల్లి కడుపుతో ఉన్న ఒక గుంటకి బీపీ సూసొస్తాను" అని బ్యాగు పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను బాగా చూడలేదు. నాలుగు ఫొటోలు తీసుకుని, బండి మీద టార్పాలిన్ కప్పెయ్యమని బుధుకి చెప్పి, మేనేజరుకి ఫోన్ చెయ్యబోయాను. సిగ్నల్ లేదు. టీ కొట్టు పక్కనున్న బండరాయి ఎక్కితే దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఎక్కాను. దొరికింది గానీ నా మాట అవతలికి సగమే వెళ్తోంది. దానికి తోడు సంత గోల ఒకటి. ఇక గొంతు చించుకున్నాను.

"డిక్కీ పోయింది సార్! డిక్కీ! మొత్తం పోయింది! నేను కళ్ళారా చూశాను! వెనక నుంచి బొలేరో గుద్దేసింది! లేదు సార్, ఆశ లేదు! ఇక చేసేదేమీ లేదు! కాగితం రాసేస్తాను!"

నేను రాయి దిగేసరికి టీ కొట్టు దగ్గర అందరూ మాటలాపేసి నావైపే చూస్తున్నారు. పట్నం వాడు గట్టిగా అరిచినందుకేమో అనుకున్నాను. ఆ కొండలమీద డిక్కీ అంటే చిట్టెమ్మ కూతురొక్కతే అని నాకేం తెలుసు? టీ తాగి, చక్కెర వద్దని చెప్పినా వేశాడని కొట్టువాణ్ణి నాలుగు తిట్టి, షెడ్డుకొచ్చి కాగితాలు తీశాను.

అరగంట కాలేదు. ముందు ఏడుపు వినిపించింది, తర్వాత మనుషులు కనిపించారు. సంతకొచ్చిన పనసగుడ వాళ్ళంతా, అల్లం బస్తాలూ చీపురుకట్టలూ ఎక్కడివక్కడ వదిలేసి వచ్చేశారు. నలభై మందికి తక్కువుండరు. ముందు నడుస్తున్నావిడ జుట్టు విరబోసుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"డిక్కీని సూసింది నువ్వేనా బాబూ?"

"నేనే" అన్నాను.

"పోనాదా?"

"పోయిందమ్మా."

"సరిగ్గా సూసినావా?"

ఈ ప్రశ్న నాకు కాస్త కోపం తెప్పించింది. "పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. చూడగానే చెప్పేస్తాను."

ఆవిడ అక్కడే కూలబడింది. వెనకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అందుకున్నారు. నేను బిత్తరపోయాను. బండికోసం యజమాని ఏడవడం చూశాను గానీ, ఊరు ఊరంతా ఏడవడం ఎక్కడా చూడలేదు. సంతోషమ్మకి ఎంత పలుకుబడి అనుకున్నాను. పాపం అనిపించి, ఓదార్చడానికి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

"లోపలిదో?" అని అడిగాడు ఒక ముసలాయన. "లోపలిది బతికుందా?"

"లోపలికి దెబ్బ రాలేదండీ. లోపలిదంతా శుభ్రంగా ఉంది. కావాలంటే విప్పి బయటికి తీసేసుకోవచ్చు."

ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"ఇప్పుడెక్కడుంది?"

"ఇక్కడే, షెడ్డులో. బుధు టార్పాలిన్ కప్పాడు. రేపు లారీ వస్తుంది, విశాఖ తుక్కువాడికి ఇచ్చేస్తాం. కిలోల లెక్కన తూచి..."

ఆ 'కిలో' దగ్గర నా కాలరు ఎవరి చేతిలోకో వెళ్ళింది. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలియదు గానీ పెద్దది. నా కళ్ళద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి. బుధు అడ్డం పడి తన భాషలో ఏదో అరుస్తున్నాడు, వాడి మాట ఎవరూ వినడం లేదు.

అప్పుడొచ్చింది సంతోషమ్మ. పక్కనే నిండు కడుపుతో ఒక పిల్ల, చేతిలో కాగితం పొట్లం, నోట్లో మిరపకాయ బజ్జీ.

"ఏటి? ఎవులు పోనారు?" అని అడిగిందా పిల్ల, బజ్జీ నములుతూనే.

ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కూలబడ్డ చిట్టెమ్మ లేచింది. కూతురి ముఖం రెండు చేతులతో తడిమింది, కడుపు తడిమింది, ఆ తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది. "సచ్చిపోనావని సెప్తే నాను ఇక్కడ ఏడుస్తంటే, నువ్వు కొండ దిగొచ్చి బజ్జీలు తింటన్నావా ఒలే!"

"నానెందుకు సస్తాను? ఎవులు సెప్పినారు?"

నలభై వేళ్ళు నావైపు లేచాయి. డిక్కీ నన్ను చూసింది, షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్న కారుని చూసింది, విషయం ఆ పిల్లకే ముందు అర్థమైంది. కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "నాను కాదే అమ్మా! బండి డిక్కీ! నాను పుట్టిన తలుపు!" సంతోషమ్మ "నవ్వకే, నొప్పులొచ్చేత్తాయి" అని కసురుతూనే తనూ నవ్వింది. అప్పుడు చెప్పారు నాకు, పైన మీకు చెప్పిన కథంతా.

అందరూ నవ్వారు, చిట్టెమ్మ తప్ప. ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సంతంతా యినేలా పోనాదని అరిసావు. ముద్రున్న మనిసివి. ఇప్పుడు ఉందని రాయి."

"అందరూ చూస్తున్నారు కదమ్మా, రాయడం ఎందుకు?"

"మా సిన్నాన్నని కూడా అందరూ సూస్తనే ఉన్నారు. కాయితం మీద ఎవులో సచ్చిపోనాడని రాసినారు. నాలుగేళ్ళు రేసన్ బియ్యం రానేదు. బతికున్నానని ఎంత సెప్పినా, కాయితం తెమ్మన్నారు. రాయి. సంతకం ఎట్టు. ముద్ర కొట్టు."

ఆవిడ కళ్ళలో ఇంకా నీళ్ళున్నాయి. నాకు సిగ్గేసింది. నేను పోయిందని అంటే పోయినట్టే అని నమ్మేవాళ్ళు ఉంటారని, పంతొమ్మిదేళ్ళుగా ఏనాడూ ఆలోచించలేదు. చేతిలో ఉన్న కాగితమే తీసి, పెద్ద అక్షరాలతో రాశాను. 'డిక్కీ బాగుంది. నేను స్వయంగా చూశాను. ఏ లోపమూ లేదు.' కింద సంతకం, తేదీ, ముద్ర. చదివి వినిపించాను. చిట్టెమ్మ తలూపింది.

"ఏదీ, ఇలాగియ్యి" అని సంతోషమ్మ కాగితం అందుకుంది. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది. తర్వాత బుధు చేతికిచ్చి, "బేగెల్లి రెండు జిరాక్సులు తీసుకురా. ఒకటి చిట్టెమ్మకి, ఒకటి నాకు" అంది.

"మీకెందుకమ్మా?"

"డిక్కీ బాగుందని నువ్వే రాసావు కదా. మరి టోటలెలాగవుద్ది?"

"అది మనిషి గురించి రాసిందమ్మా!"

"మనిసని ఎక్కడ రాసావు? పైన బండి నంబరుంది."

ఉంది. నేను రాసింది సర్వే ఫారం మీదే. పైన కారు నంబరు, ఇంజిన్ నంబరు, యజమాని పేరు, కింద డిక్కీ బాగుందని నా సంతకం, ముద్ర. నలభై మంది నా సమాధానం కోసం నిలబడ్డారు.

ఆవిడ నా అవస్థ చూసి గొంతు తగ్గించింది. "నిన్ను తప్పు రాయమనట్లేదు బాబూ. ఈ గుంటకి పది రోజులే ఉంది. నువ్వొచ్చినకాడినుంచి సూస్తన్నాను, బండి కిందకి ఒక్కసారి కూడా ఒంగలేదు. సూడకుండా రోగమేటో సెప్పేస్తే నా దగ్గర నర్సు గుంటల్ని సంపేసేదాన్ని. సూసి సెప్పు. అప్పుడు పోయిందంటే పోయిందనే ఒప్పుకుంటాను."

చొక్కా విప్పి బుధు చేతికిచ్చి కారు కిందికి దూరాను. వెనక నుంచి గుద్దిన బండికి అసలు పరీక్ష అక్కడుంటుంది. పైరేకు ఎంత నలిగినా పరవాలేదు, కింద అస్థిపంజరం వంగితే మాత్రం ఆ బండి రోడ్డు మీద సూటిగా నడవదు. పురికొస తెప్పించి, కుడి ముందు చక్రం నుంచి ఎడమ వెనక చక్రం దాకా కొలిచాను, తర్వాత ఎడమ నుంచి కుడికి. డిక్కీ కడుపుతోనే ఒంగి ఒక కొస పట్టుకోబోతే ముగ్గురు అడ్డుకున్నారు. రెండు కొలతలూ సమానం, అంటే ఏమీ వంగలేదు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాను. సమానమే. నాలుగు తలుపులూ వేసి తీశాను, ఒక్కటీ రాసుకోలేదు. పెట్రోలు ట్యాంకుకు సొట్ట లేదు. పోయింది డిక్కీ తలుపు, దాని చుట్టూ రేకు, బంపరు, అద్దం, దీపాలు. అంతే.

"సుత్తి దెబ్బలకి రేకు మాట వింటది సారూ" అన్నాడు బుధు. "తలుపు ఒకటి విశాఖ తుక్కులో దొరుకుద్ది. ఆరు రోజులియ్యండి."

పాత తలుపు, బుధు కూలీ వేసి మళ్ళీ లెక్క కడితే ముప్పాతికకి చాలా కిందే తేలింది. షోరూము కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం మీద 'బాగుచేయవచ్చు' అని రాశాను. సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి, మధ్యాహ్నం డిక్కీ పోయిందన్నారు కదా అని అడిగాడు. "వచ్చేసింది సార్, సంతకెళ్ళిందంట" అన్నాను. ఆయన సెలవేమైనా కావాలా అని అడిగాడు.

తెల్ల కారుకి నీలం డిక్కీ పెట్టాడు బుధు. తుక్కులో ఆ రంగే దొరికిందట. రంగు వేయిస్తానంటే సంతోషమ్మ వద్దంది, వెనకొచ్చేవాళ్ళకి ముందున్నది ఎవరో దూరం నుంచే తెలుస్తుంది, పాస్టరు గారు కాస్త జాగ్రత్తగా వస్తారని.

పన్నెండో రోజున ఆవిడ ఫోనొచ్చింది. "టైముకి ఆసుపత్రికి దింపేసాను బాబూ. మూడో గేరు మీదే. డిక్కీ తలుపు ఎత్తే పని పడనేదు. గుంటడు, మూడు కిలోలు."

"చాలా సంతోషమమ్మా" అన్నాను. నిజంగానే సంతోషించాను. "ఏం పేరు పెట్టారు?"

"బుధవారం పుట్టాడు. బుధు అందామంటే ఒక బుధు ఉన్నాడు. పెద్దోళ్ళు కూకుని ఆలోసించారు. ఆ రోజు సర్వే జరగబట్టే కదా బండి మిగిలింది అనుకున్నారు. సర్వే అనెట్టారు. అయ్య ఇంటిపేరుతో కొర్రా సర్వే."

"అదేం పేరమ్మా? అది పేరు కాదు, పని."

"డిక్కీ మాత్రం పేరేటి? ఊరికే మాటాడక సెప్పు, ఆసుపత్రిలో కాయితం రాస్తన్నారు. ఇంగిలీసులో సర్వేకి స్పెల్లింగేటి?"

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది, ఎందుకు నవ్వుతున్నావు, ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నావు అన్నట్టు. నేను స్పెల్లింగు చెప్పాను. ఒక్కో అక్షరం విడదీసి, రెండుసార్లు చెప్పాను. ఈసారి అరవలేదు.